తొమ్మిదో చలివేంద్రంలో ఎత్తిన ఒక్క దీపం

ఆదివారం

మాట వింటే తనంతట తనే రాసుకునే పెట్టె ఎండకు చెడిపోయింది. కొత్తది పంపేదాకా రోజూ జరిగింది చేత్తో రాసి పెట్టమని దారి ఆఫీసు వాళ్ళు కబురు చేసినారు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు బడికి పోయినదాన్ని, అంతే. తప్పులుంటే కోప్పడతారేమోనని పొద్దున్నుంచి ఒకటే బెంగ. పీరమ్మ తొంగి చూసి, "అవ్వా, నీ అక్షరాలు ఒకదాన్ని చూసి ఒకటి భయపడతాండాయి" అని నవ్వింది.

పీరమ్మ ఈ చలివేంద్రంలో నాతోపాటు పని చేస్తుంది. ముప్పై దాటిన మనిషి. మొగుడు దస్తగిరి ఐసు బండి తోలుతాడు. నాకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టేది ఈమే.

తొట్లు కడిగినాము. ఐసు మిషను కాసేపు తిరిగింది, కాసేపు మూలిగింది. రేపు నిలిచిపోతుందేమో. నిలిచిపోతే ఇంతమంది ఏమైపోతారు. బాటసారులంతా పగలు లోపలే పడుకుని లేచినారు. పగటి పూట బయటికి పోయి బతికి వచ్చిన మనిషిని నేను పెద్దయినాక చూడలేదు.

పొద్దు వాలినాక ఒక ముసలాయన, ఆయన భార్య ఎనిమిదో చలివేంద్రానికి బయల్దేరినారు. వాళ్ళ ఐసుకోట్ల జేబుల్లో గడ్డలు నింపి, బొత్తాలు నేనే పెట్టి, గడ మీద రెండు దీపాలు ఎత్తినాను. ఎంతమంది పోతే అన్ని దీపాలు. అవతల ఎనిమిదో దాంట్లో వాళ్ళు చూసి, వాళ్ళూ అన్నే ఎత్తి జవాబు చెప్తారు. ఆ లెక్కకు మనుషులు చేరకపోతే వెతకడానికి బయల్దేరతారు. ఈ దుమ్ములో ఫోన్లు పలకవు. దారి బతికేది ఈ దీపాలతోనే.

ముసలోళ్ళు కదా అని మలుపు బండ దాకా పీరమ్మ తోడు పోయింది. సగం దారిలో ఉండే రాయి అది. కింద నీడ ఉంటుంది, అందరూ అక్కడ కూర్చుని గుడ్డలు తడుపుకుంటారు. అక్కడ వాళ్ళకు నీళ్ళు పోసి వెనక్కి వచ్చింది. ఆమెకు దీపం ఎత్తలేదు. చలివేంద్రం మనిషికి ఎత్తరు. నాకు ముందు ఇక్కడ ఉండిన ఆమె, నేను వచ్చిన మొదటి రోజే చెప్పింది: ఇంటి మనిషికి దీపం ఎత్తేది ఒకే ఒకసారి, ఇంక తిరిగి రాదని తెలిసినప్పుడు.

పీరమ్మ కనిపించేదాకా నేను వాకిలి వదల్లేదు. "అవ్వ దిగులు పడినప్పుడల్లా మబ్బు పట్టేదుంటే, ఈపాటికి ఇక్కడ ఏరు పారేది" అని బాటసారులకు చెప్పి నవ్వించింది.

సోమవారం

చౌడప్ప వచ్చినాడు. నా తమ్ముడి కొడుకు. తల్లి పోయినాక నా దగ్గరే పెరిగినాడు. ఇప్పుడు ఇక్కడికి దగ్గరుండే క్వారీలో తూటాలు పెట్టి రాయి పేల్చే ముఠాకు మేస్త్రీ.

పోయిన ఎండల్లో వాని భార్య చనిపోయింది, కడుపుతో ఉండి. వాళ్ళ కొట్టాలకు పోయే నీళ్ళ లైను, దాన్ని చూసుకునే మద్దిలేటి అనే ఆయన కట్టేసినాడు. ఎవరో దొంగ పైపు వేసుకున్నారని పైవాళ్ళు చెప్పినారట, ఆయన లైను మూసే చక్రం తిప్పినాడట. మళ్ళీ నీళ్ళు వదిలే లోపల ఆ పిల్ల నిలబడలేదు. అప్పటినుంచి వీడు నవ్వితే చూడలేదు నేను.

పీరమ్మ లోపల తొట్టి కడుగుతాంటే, వాడు నన్ను వాకిట్లోకి పిలిచినాడు.

"అత్తా, రేపు మద్దిలేటి ఈ దారిన పోతాడంట."

"ఎవరెవరో పోతాంటారు నాయనా. నాకేం తెలుసు."

"పోతాడు. ఆయప్ప బయల్దేరినప్పుడు దీపం ఎత్తుతావు గదా. ఒకసారి దించి మళ్ళా ఎత్తు."

"ఎందుకు?"

"ఆయప్పే అని నాకు తెలియాల. దారిలో కలిసి మాట్లాడాల."

"మాట్లాడాలంటే ఇక్కడికే రా. ఇన్ని నీళ్ళు తాగి కూర్చుని మాట్లాడుకోండి."

"నీ నీళ్ళు తాగితే నాకు కోపం పోతుందత్తా. కోపంగా మాట్లాడాల."

వాడు అట్లా అంటే నాకు చిన్నప్పటి వాడే కనిపించినాడు. సరేలే అన్నాను. అన్నం పెడతానంటే వద్దన్నాడు. రేపు దారి నడవాలంటివి గదా, కోటులో ఐసు నింపిస్తాను ఉండు అన్నాను. అదీ వద్దన్నాడు. ముఖం అటు తిప్పుకొని వద్దన్నాడు.

ఈ చుట్టుపక్కల ఐసు దొరికేది నా దగ్గర ఒక్కచోటే. ఐసు లేకుండా పొద్దు వాలినాక కూడా మలుపు బండ దాకా పోలేరు. దారిలో కలుస్తానన్న మనిషికి ఐసు ఎందుకు వద్దు. మరిచిపోయినాడేమో. భార్య పోయినప్పటి నుంచి వానికి అన్నీ మతిమరుపే.

మరిచిపోయినాడనే రాస్తున్నాను.

మంగళవారం

మద్దిలేటి పొద్దు పొడవక ముందే పదో చలివేంద్రం నుంచి వచ్చి చేరినాడు. ఎట్లుంటాడో అనుకున్నాను. మెడకు తువ్వాలు, మోకాళ్ళకు పట్టీలు, మాటకు ముందు ఒక దగ్గు. పీరమ్మ గంజి పోస్తే, "ఉప్పు వేసినారా, లేక ఉప్పును చూపించి తీసేసినారా" అన్నాడు. "చూపించను కూడా లేదన్నా, పేరు చెప్పినాము" అని ఆమె అన్నది. ఇద్దరూ పగలంతా ఇట్లాంటి మాటలే.

ఎక్కడికని నేను అడిగినాను. అడగకుండా ఉండాల్సింది.

"నేను లైను కట్టేసినప్పుడు ఒక పిల్ల పోయింది, వినింటారు. ఆ పిల్ల తల్లి ఎనిమిదో దాని అవతల ఉంటుందంట. పోయి ముఖం చూపించాల. తిడితే తిట్టనీ."

"నీకు తెలియక చేసినావు గదన్నా" అన్నది పీరమ్మ.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చక్రం తిప్పేటప్పుడు అవతల ఎవరుండారో నేను చూడలేదమ్మా. పోయి చూసింటే చెయ్యి ఆడేది కాదు. అందుకే పోలేదేమో."

ఆ మాట విన్నాక ఈ పొద్దు పోవద్దు అని చెప్పాలనుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పాలి. ఏమీ కాకపోతే, ఊరికే నా బిడ్డ మీద నేనే నింద వేసినట్టు అవుతుంది. చివరికి "దుమ్ము లేచేట్టుంది, రేపు పోదురు" అన్నాను. పీరమ్మ బయటికి తొంగి చూసి, "యాడవ్వా దుమ్ము, ఆకు కూడా కదల్లేదు" అన్నది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన అనుకున్నాను. పక్కన ఇంకొక మనిషి ఉంటే చౌడప్ప చెయ్యి ఎత్తడు. పీరమ్మ అంటే వానికి గౌరవం. ఆమె ముందు గట్టిగా మాట్లాడను కూడా సిగ్గుపడతాడు.

"పీరమ్మా, మలుపు బండ దాకా ఆయనకు తోడు పో."

"ఈయనకు తోడెందుకవ్వా? గుండురాయి మాదిరి ఉండాడు."

"మోకాళ్ళు నొప్పులంటాండాడు. పో."

ఆమె ఎందుకని మళ్ళీ అడగలేదు. నా దిగుళ్ళకు అలవాటు పడిన మనిషి. నీళ్ళ తిత్తి భుజానికి వేసుకుని, "నా గంజి పిల్లికి పెట్టేస్తావు, పెట్టొద్దు" అని చెప్పి ఆయనతోపాటు దిగిపోయింది.

గడ దగ్గరికి పోయి ఒక దీపం ఎత్తినాను. దించినాను. మళ్ళీ ఎత్తినాను. వాడు చెప్పినట్టే చేసినాను.

తాడు కట్టేటప్పుడు తట్టింది. దూరం నుంచి చూసేవాళ్ళకు కనిపించేది దీపమే, పీరమ్మ కాదు. ఒక్క దీపం కనిపిస్తే ఒక్క మనిషే అనుకుంటారు. రెండో దీపం చేతిలోకి తీసుకున్నాను. వత్తి వెలిగించినాను కూడా. ఇంటి మనిషికి ఎత్తితే ఆమె తిరిగి రాదు అనే మాట గుర్తొచ్చింది. నా చేతులారా అపశకునం చెయ్యాలా అనిపించింది. ఊది ఆర్పేసినాను.

ఎనిమిదో దాని నుంచి ఒక్క దీపం జవాబు వచ్చింది.

ఇది రాయను కూర్చునే ముందు పెద్ద శబ్దం వినిపించింది. క్వారీ తట్టు నుంచి కాదు, దారి తట్టు నుంచి.

ఆమె గంజి మీద మూత పెట్టినాను.

గురువారం

నిన్న రాయలేదు.

మలుపు బండ కింద తూటా పెట్టినారు. నీడలో కూర్చున్న మనిషి మీద బండ పడేట్టు పెట్టినారు. వాగు అవతల, క్వారీ పక్క నుంచి వైరు లాగి, మీట నొక్కినారు. ఒక్క దీపానికి ఒక్క మనిషి కూడా చేరలేదని ఎనిమిదో దాంట్లో వాళ్ళు వెతకను వచ్చినారు. ఒకరి కోసం వచ్చినవాళ్ళకు ఇద్దరు కనిపించినారు. పీరమ్మ తిత్తి వంచి పట్టుకోనుండిందట. ఆయన దోసిలి పట్టినాడట. వచ్చినవాళ్ళు చెప్పినారు, నేను అడగలేదు.

దస్తగిరి ఐసు బండిలోనే భార్యను తీసుకుపోయినాడు. బండి కదిలే ముందు పీరమ్మకు దీపం ఎత్తాలి. నేను గడ దగ్గరికి పోలేదు, ఎవరో ఎత్తినారు. మొన్న నేను ఊదేసిన దీపమే అది. వత్తి కొన ఇంకా నల్లగా ఉంది.

అందరూ నన్ను ఓదార్చినారు. దస్తగిరి కూడా. "అవ్వా, నువ్వు ఆచారం చేసినావు. ఇంటి మనిషికి ఎత్తరు గదా. నువ్వేం చేస్తావు" అన్నాడు. పోయేటప్పుడు ఏమన్నా చెప్పిందా అని అడిగినాడు. గంజి సంగతి చెప్పినాను. నవ్వబోయినాడు, నవ్వు రాలేదు.

చెయ్యని తప్పుకు ఓదారుస్తాంటే, చేసిన తప్పు చెప్పకుండా తల ఊపినాను.

ఆదివారం

సుంకన్న, గంగప్ప అని ఇద్దరిని పట్టుకున్నారు. ఇద్దరూ చౌడప్ప ముఠా మనుషులే. మద్దిలేటి మీద పగ మా ఇద్దరిదే, ఇంకెవరూ లేరు అంటున్నారట. వాళ్ళ వాటా నీళ్ళు కూడా ఆ లైనులోనివే కాబట్టి నమ్ముతున్నారు. చౌడప్ప పేరు ఎవరి నోటా రాలేదు.

దారి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి తొట్లు చూసి, నీళ్ళు కొలిచి, పోబోయే ముందు దస్తగిరితో మాట్లాడినాడు. దస్తగిరి ఐసు దించుతున్నాడు. మూడో రోజు నుంచే పనిలోకి వచ్చేసినాడు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నాయట.

"వాళ్ళిద్దరూ మద్దిలేటిని చంపినామని ఒప్పుకుంటున్నారు. నీ భార్య సంగతి ఒప్పుకోవడం లేదు" అన్నాడు ఆయన.

"బండ పేల్చింది వాళ్ళే గదా సార్."

"పేల్చినారు. కానీ ఒక్క దీపం చూసి పేల్చినామంటున్నారు. దారి చట్టంలో మొదటి మాట ఏంది? దీపాన్ని నమ్మినవాడి మీద నేరం లేదు. దీపాల లెక్క చూసి వెతికేవాళ్ళకు, ఎవరన్నా మిగిలిపోతే తప్పు అంటకూడదని పెట్టిన మాట అది. దాన్ని పట్టుకున్నారు వాళ్ళు. అది నిలబడితే మీ ఆమెది దారిచావు కింద రాస్తారు."

"అంటే?"

"అంటే వడదెబ్బకు పోయినట్టే. ఎవరూ జవాబుదారీ కాదు."

దస్తగిరి ఐసుగడ్డ నేల మీద పెట్టేసి నిలబడినాడు. "ఆమె ఎవరి చేతిలోనూ చావలేదా సార్?" అన్నాడు.

ఐసు కరిగి నేలంతా పారింది. తుడుద్దామని వంగినాను. నేలంతా ఆరేదాకా తుడిచినాను.

మంగళవారం

చౌడప్ప వచ్చినాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయినాయి. తినలేదని చూస్తేనే తెలుస్తుంది. వానికి అన్నం పెట్టినాను. పెట్టకుండా ఉండలేకపోయినాను.

"గురువారం తీర్పు బండి విచారణకు ఇక్కడికే వస్తాంది" అన్నాడు. "నిన్ను అడుగుతారు. దీపం ఎత్తినాను అని చెప్పు. అంతే."

"దించి మళ్ళీ ఎత్తినాను."

"గాలికి ఊగింది అను."

"ఆ పొద్దు గాలి లేదు చౌడా."

"నీకెవరన్నా గాలి కొలిచే పని ఇచ్చినారా? ఊగింది అంటే ఊగింది."

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా అట్లే కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అడిగినాడు.

"ఆ యమ్మను ఎందుకు పంపినావు?"

"ఊరికే. మోకాళ్ళు నొప్పులని..."

"అత్తా."

"నిన్ను ఆపుదామని పంపినాను."

వాడు కంచం పక్కకు జరిపినాడు. "ఆపాలంటే నాకు చెప్పాల. వద్దురా అని ఒక మాట చెప్పింటే..."

"చెప్తే ఆగేవాడివా?"

"ఏమో. నువ్వు చెప్పి చూడలేదు గదా."

ఇంతవరకు నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టినవాడు వీడొక్కడే. వాడు అన్నది నిజం కూడా.

"నాకు ఆ యమ్మతో ఏం పగ? నా పెండ్లాం పురిటికి గుడ్డలు కుట్టి పెట్టింది ఆమె. నువ్వు పంపకపోయింటే ఆమె బతికుండు" అన్నాడు.

"నువ్వు తూటా పెట్టించకపోయింటే ఇద్దరూ బతికుందురు."

అదే మొదటిసారి ఆ మాట మా ఇద్దరి మధ్య బయటికి రావడం. వాడు కాదనలేదు. మద్దిలేటి ఎవరి దగ్గరికి పోతుండినాడో వానికి చెప్పినాను. నీ పెండ్లాం తల్లికి ముఖం చూపించి తిట్లు తినను పోతుండినాడు అని చెప్పినాను. వాడు లేచి వాకిట్లో నిలబడినాడు, చాలాసేపు. మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సుంకన్న, గంగప్ప నోరు విప్పరు. నువ్వు విప్పితే నన్ను శిక్షకు ఉప్పు మడుల్లో పనికి పంపుతారు. అక్కడ నీడ ఉండదు. ఎన్నాళ్ళు బతుకుతానో నీకు తెలుసు. నేను తప్ప నీకు ఎవరుండారు? నువ్వు తప్ప నాకెవరుండారు?"

పోయేటప్పుడు ఐసు నింపించుకోలేదు. ఈసారి నేను కూడా అడగలేదు.

గురువారం

తీర్పు బండి తెల్లవారకముందే వచ్చి చలివేంద్రం గోడకు ఆనించి ఆగింది. తలుపులు మూసేసినాము. పొద్దు వాలేదాకా ఎవరూ బయటికి పోలేరు, లోపలికి రాలేరు. తీర్పరి అలివేలమ్మ గారు నా అంత పెద్దామె. ఇద్దరు పోలీసులు, సంకెళ్ళతో సుంకన్న, గంగప్ప. దస్తగిరి. వెనక గోడ దగ్గర చౌడప్ప, ముఠా మేస్త్రీ కాబట్టి వాని మనుషుల గురించి అడగడానికి పిలిపించినారు.

అందరికీ నీళ్ళు నేనే ఇచ్చినాను. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు నీళ్ళే. సుంకన్న రెండు చేతులూ కట్టేసి ఉంటే లోటా నేనే పట్టుకుని తాగించినాను. తాగి, "సల్లగుండు తల్లీ" అన్నాడు. వాని గడ్డం మీద కారిన నీళ్ళు కూడా నేనే తుడిచినాను. ఎందుకు తుడిచినానో తెలియదు.

తీర్పరమ్మ సుంకన్నను అడిగింది. వాడు బాగా మాట్లాడతాడు.

"మద్దిలేటిని సంపినాము. దానికి యాడికి పంపినా పోతాము. రెండో మనిషి ఉందని మాకెట్ల తెలుస్తాదమ్మా? వాగు అవతలుండాము. సందె మసక. దీపం ఒక్కటే ఎత్తినారు. దీపం ఒక్కటంటే ఒక్కరే అని చిన్నపిల్లోనికి కూడా తెలుసు. మేము దీపాన్ని నమ్మినాము. ఆ యమ్మను సంపింది మేము గాదు, దీపం."

"ఆ సందెలో ఈ దారిన చాలామంది పోయి ఉంటారు. ఏ దీపం మద్దిలేటిదో నీకెట్లా తెలిసింది?"

"అంతా అదృష్టం మీద చేసినాము తల్లీ."

తీర్పరమ్మ నమ్మలేదు. కానీ చేతిలో ఏమీ లేదు. నన్ను ముందుకు పిలిచింది.

"కాశమ్మా, దీపం ఎత్తింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"పీరమ్మకు ఎందుకు ఎత్తలేదు?"

"ఇంటి మనిషికి ఎత్తరమ్మా."

"సరే. నీ తప్పు లేదు, ఆచారం. కూర్చో."

అంతే. కూర్చుంటే అయిపోయేది. దస్తగిరి నా కోసం పీట జరిపినాడు కూడా. ఆ పీట చూసినాను. ఎప్పుడూ పీరమ్మ కూర్చునేది అది, ఒక కాలు పొట్టి. పడిపోతానేమోనని ఎప్పుడూ భయం నాకు. నేను కూర్చోలేదు.

"దించి మళ్ళీ ఎత్తినానమ్మా" అన్నాను.

"ఏమి?"

"మద్దిలేటి దీపాన్ని ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తినాను. ఆయనదే అని తెలియడానికి. అట్లా చెయ్యమంటే చేసినాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

ఐసు మిషను మూలిగింది. వెనక్కి తిరిగి చౌడప్పను చూసినాను. వాడు కిందికి చూస్తున్నాడు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి వచ్చి అట్లే నిలబడేవాడు.

"నా తమ్ముని కొడుకు. చౌడప్ప."

గంగప్ప నోరు తెరిచినాడు, సుంకన్న వానిని మోచేత్తో పొడిచినాడు. తీర్పరమ్మ చెయ్యి ఎత్తితే అందరూ ఊరుకున్నారు.

"మద్దిలేటిని చంపుతారని నీకు తెలుసా?"

ఇది అడుగుతారని తెలుసు. ఎన్ని రకాలుగానో చెప్పి చూసుకున్నాను. లేచి నిలబడినాక అవేవీ రాలేదు.

"తెలుసు అనేంత తెలియదమ్మా. తెలియదని చెప్పుకునేంత తెలియకుండానూ లేదు. దారిలో కలుస్తానన్నాడు. కోటులో ఐసు నింపిస్తానంటే వద్దన్నాడు. దారి నడిచేవాడు ఐసు వద్దంటాడా? నడిచేది వాడు కాదని అప్పుడే అర్థమైంది. మరిచిపోయినాడులే అనుకున్నాను. అట్లా అనుకోవాలని అనుకున్నాను."

"మరి పీరమ్మను ఎందుకు పంపినావు?"

"ఇంకొక మనిషి ఉంటే వాళ్ళు చెయ్యరని. మద్దిలేటికే చెప్పి ఉండొచ్చు. చౌడప్పకు వద్దురా అని చెప్పి ఉండొచ్చు. ఆ ఇద్దరికీ చెప్పాలంటే నోరు రావాలి. పీరమ్మను పంపాలంటే ఏమీ చెప్పనక్కర్లేదు. ఎందుకని ఆమె రెండోసారి అడగదమ్మా. అందుకే పంపినాను."

దస్తగిరి చేతిలో లోటా ఉంది. తాగకుండా మెల్లగా కింద పెట్టినాడు.

తీర్పరమ్మ నేను చెప్పింది రాసుకుంది. తర్వాత సుంకన్న వైపు తిరిగింది.

"దీపాన్ని నమ్మినామంటివి. బాటసారి నమ్మేది దారి వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు ఎత్తిన దీపాన్ని. ఇది మీరు చెప్పి ఎత్తించిన దీపం. మీరు దీపాన్ని నమ్మలేదు, వాడుకున్నారు. అప్పుడు ఆ చట్టం మీకు వర్తించదు. దారి మీద తూటా పెట్టినాక, దాని కింద ఎవరు కూర్చున్నా ఆ చావు పెట్టినవాళ్ళది, పెట్టించినవాళ్ళది, తెలిసి సాయం చేసినవాళ్ళది."

నలుగురం. ఇద్దరి చావుకూ నలుగురం. సుంకన్న, గంగప్ప, చౌడప్ప, నేను. శిక్ష ఎంతనేది పెద్ద తీర్పులో చెప్తారు. పీరమ్మ పేరు పక్కన దారిచావు అనే మాట కొట్టేసినారు.

దస్తగిరి, "ఇది చాలమ్మా" అని తీర్పరమ్మకు దండం పెట్టినాడు. నా వైపు చూడలేదు.

గురువారమే, పొద్దు వాలే ముందు

తీర్పు అయిపోయింది గానీ బయట ఎండ అయిపోలేదు. అందరం ఒకే కప్పు కింద అట్లే కూర్చున్నాము. ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తోంది. గంగప్ప గురక పెట్టి నిద్రపోయినాడు. తీర్పరమ్మ అడిగితే గంజి కాచినాను. ఉప్పు వేసినానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను.

చౌడప్పకు గంజి తీసుకుపోయినాను. వానికి కూడా సంకెళ్ళు వేసినారు. తాగడేమో అనుకున్నాను. తాగినాడు.

"కోపం పోయిందా?" అన్నాను.

"నీ నీళ్ళ దగ్గర కోపం రాదని చెప్పినా గదత్తా" అన్నాడు. గిన్నె వెనక్కి ఇస్తూ, "ఆ పొద్దు ఇక్కడే కూర్చుని మాట్లాడింటే..." అని మిగిలింది చెప్పలేదు.

దస్తగిరి దగ్గరికి పోయే ధైర్యం చాలలేదు. ఆయనే వచ్చినాడు. నేను లేవబోతే వద్దని చెయ్యి చూపించినాడు.

"అవ్వా, నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు. ఇన్ని దినాలు నీ చేతి నీళ్ళు తాగి, నిన్నే ఓదార్చినాను."

"అవును నాయనా."

"ఇంక తాగలేను."

"వద్దులే."

"నువ్వు చెప్పకుండా ఉంటే మటుకు ఆమె ఎండకు పోయినట్టే అయిండు" అన్నాడు. అది క్షమించినట్టు కాదు. కాదని ఇద్దరికీ తెలుసు.

కొత్త మనిషి వచ్చేదాకా చలివేంద్రం ఆయనే చూసుకుంటాడట. మిషను మూలిగితే ఎక్కడ తట్టాలో చెప్పినాను. మూడో తొట్టి మూత సరిగ్గా పడదని చెప్పినాను. పిల్లికి పొద్దున పెట్టకపోతే బియ్యం బస్తా గీకుతుందని చెప్పినాను. ఇంకేదో మరిచిపోయినాను, ఎంత ఆలోచించినా రావడం లేదు. దారిలో గుర్తొస్తుందేమో, అప్పుడు చెప్పను ఎవరుంటారు.

గోడ మీద చెయ్యి పెట్టి చూసినాను. చల్లబడుతోంది. బండిలో పోయేవాళ్ళకు కూడా ఐసు లేకుండా కుదరదు, అందరి కోట్లలో నింపినాను. పోలీసులవి, తీర్పరమ్మది, ఆ ఇద్దరివి. చివర చౌడప్పది. చేతులు కట్టేసినారు కాబట్టి బొత్తాలు కూడా నేనే పెట్టినాను. వద్దనలేదు. మెడ దగ్గర బొత్తం పెట్టేటప్పుడు తల కొంచెం పైకెత్తినాడు, చిన్నప్పటి మాదిరి.

దస్తగిరి గడ దగ్గర తాడు పట్టుకుని నిలబడినాడు. లెక్క తప్పు కాకూడదని దీపాలు వరసగా పెట్టి ఒక్కొక్కటీ వెలిగిస్తున్నాడు. నా దగ్గర ఆగి, ఇంటి మనిషికి ఎత్తాలా వద్దా తెలియక, "ఎన్నవ్వా?" అని అడిగినాడు.

పోయేవాళ్ళను ఒక్కొక్కరినీ చూపించి లెక్కపెట్టినాను. చివర నా గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇంకొకటి అని చెప్పినాను.